బస్తాలు కూడొచ్చు, రైతులను కూడలేం

మిర్చి ఒక్కసారే కోతకు రాదు. పండినది పండినట్టు ఏరాలి, కల్లంలో ఎండబెట్టాలి, మళ్లీ చేలోకి పోవాలి. అందుకే కేసముద్రం వ్యవసాయ మార్కెట్‌కు మొదటి ఏరుడు సరుకుతో వచ్చిన రైతే రెండో ఏరుడుకూ మూడో ఏరుడుకూ వస్తాడు. మధ్యలో ఇంట్లో ఉన్న మక్కలు నాలుగు బస్తాలు తెచ్చినా తెస్తాడు. వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర పేరు, రైతు నంబరు, ఊరు, సరుకు రాసి లాట్ నంబరు ఇస్తారు. ఖరీదుదారులు ధర వేస్తారు, దడ్వాయి కాంటా పెడతాడు, చివరికి తూకం, ధర రాసిన తక్‌పట్టీ చేతికొస్తుంది. ఈ మార్కెట్ జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ అయిన ఇ-నామ్‌లో చేరాక ఆ వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి.

ఇప్పుడొక ప్రశ్న. ఈ నెలలో మార్కెట్‌కు ఎంతమంది రైతులు వచ్చారు?

చాలా తేలికగా కనిపిస్తుంది కానీ, తప్పు జవాబు దొరికేది ఇక్కడే. చిన్న లెక్క వేసి చూద్దాం. సోమవారం కల్వల రైతు 30 బస్తాలు, పెనుగొండ రైతు 20, ఇనుగుర్తి రైతు 10 తెచ్చారనుకుందాం. మంగళవారం కల్వల రైతే మళ్లీ 25 తెచ్చాడు, ఉప్పరపల్లి నుంచి కొత్తగా ఒకరు 15 తెచ్చారు. బుధవారం పెనుగొండ రైతు 10, కల్వల రైతు 10. బస్తాలు 60, 40, 20. మొత్తం 120, అందులో పేచీ లేదు. రైతులు ముగ్గురు, ఇద్దరు, ఇద్దరు. కూడితే ఏడుగురు. కానీ యార్డులో అడుగుపెట్టిన మనుషులు నలుగురే. కూడికలో కల్వల రైతు ఒక్కడే ముగ్గురయ్యాడు, పెనుగొండ రైతు ఇద్దరయ్యాడు.

పెద్దపెద్ద సంస్థలు ఇలాంటి సమాచారాన్ని ‘క్యూబ్’గా అమర్చుకుంటాయి. ఒక అంచు వెంట తేదీలు, ఇంకో అంచు వెంట ఊళ్లు, మూడో అంచు వెంట సరుకులు. లోపల గడులు. ఫలానా రోజు, ఫలానా ఊరు, మిర్చి అంటే ఒక గడి, అందులో ఎన్ని బస్తాలో ముందే లెక్కకట్టిన అంకె. నెల మొత్తం కావాలంటే లక్షల తక్‌పట్టీలు తిరగేయక్కర్లేదు, గడుల్లో అంకెలు కలిపితే చాలు. క్యూబ్ బలమంతా ఈ ముందస్తు కూడికలోనే ఉంది. మనుషుల లెక్క వచ్చేసరికి ఆ బలమే అక్కరకు రాదు.

1996లో జిమ్ గ్రే, ఆయన సహచరులు డేటా క్యూబ్ మీద రాసిన పత్రంలో లెక్కలను మూడు రకాలుగా విడదీశారు. మొత్తంలాంటివి భాగాలుగా చేసి కలిపేయొచ్చు. సగటును నేరుగా కలపలేం కానీ, మొత్తాన్నీ సంఖ్యనూ వెంట మోసుకెళ్తే చివర్లో తేలుతుంది. మూడో రకం మొండిది, రెండు మూడు అంకెలు మోసుకెళ్తే పని జరగదు. ‘వేర్వేరుగా ఎందరు’ అన్న లెక్కను, అంటే డిస్టింక్ట్ కౌంట్‌ను, ఈ మూడో రకంలోనే వేయాలి. ఎందుకంటే గడిలో ‘ముగ్గురు’ అని రాసుకున్నాక ఆ ముగ్గురు ఎవరన్నది పోయింది. అది లేకుండా పక్క గడిలో ఉన్నది వాళ్లేనా అని ఎలా తెలుస్తుంది?

మరి యంత్రం ఎలా చేస్తుంది? తక్‌పట్టీల కట్ట మీ చేతికిచ్చి రైతులెందరో చెప్పమంటే మీరేం చేస్తారు? రైతు నంబరు వారీగా పేరుస్తారు. ఒకరివన్నీ పక్కపక్కకు వస్తాయి, నంబరు మారినప్పుడల్లా ఒకటి లెక్కేస్తారు. క్యూబ్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ అనాలసిస్ సర్వీసెస్‌లో డిస్టింక్ట్ కౌంట్ చేర్చితే దానికి విడిగా ఒక మెజర్ గ్రూపు, అంటే లెక్కల గుంపు, పెట్టేది ఇందుకే. ఆ గ్రూపులోని వరుసలు రైతు నంబరు క్రమంలో పేర్చి ఉండాలి, బస్తాల లెక్కకు ఆ క్రమంతో పనిలేదు. క్యూబ్ బరువెక్కుతుంది, జవాబు కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఖర్చు తప్పదు.

ఇంకో దారి నాకు బాగా నచ్చుతుంది. ప్రతి రైతుకూ ఒక గడి ఉన్న హాజరు పట్టీ ఊహించుకోండి. వస్తే చుక్క, రాకపోతే ఖాళీ. ముప్పై రోజుల పట్టీలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే, ఏ గడిలో ఒక్క చుక్కైనా ఉందో ఆ రైతు వచ్చినట్టు. పది చుక్కలు ఒకేచోట పడినా అది ఒక్కటే. లక్షమంది రైతుల పట్టీకి పన్నెండున్నర కిలోబైట్లు చాలు.

లక్షలు కాదు, వంద కోట్లమందిని లెక్కించాలంటే? ఫ్రెంచ్ గణితవేత్త ఫిలిప్ ఫ్లాజొలే బృందం 2007లో హైపర్‌లాగ్‌లాగ్ అనే పద్ధతి ఇచ్చింది. నాణెం ఎగరేస్తూ ఒకరు వరుసగా పదిసార్లు బొమ్మ పడిందన్నారంటే, సుమారు వెయ్యిసార్లు ప్రయత్నించి ఉంటారని మనం ఊహించవచ్చు. అదే సూత్రంతో ఒకటిన్నర కిలోబైట్లలో, దాదాపు రెండు శాతం తేడాతో వంద కోట్లు దాటిన సంఖ్యనైనా అంచనా కడుతుంది. వెబ్‌సైటు చూసినవారి లెక్కకు అది చాలు. రైతుకు రావాల్సిన డబ్బు లెక్కకు మాత్రం పనికిరాదు. అక్కడ రెండు శాతమంటే వందలో రెండు కుటుంబాలు.

ఇంత చేసినా అసలు చిక్కు గేటు దగ్గరే ఉంది. ఒకే రైతు పేరు ఒకరోజు ఇంటిపేరుతో, ఒకరోజు పొడి అక్షరాలతో పడితే ఇద్దరవుతాడు. రైతు నంబరు గడి ఖాళీగా వదిలేస్తే ఇంకో ప్రమాదం. కొన్ని క్యూబ్‌లు ఖాళీలన్నిటినీ సున్నాగా మార్చి ఒక్క మనిషి కింద కడతాయి. నంబరు లేని నలభైమంది ఒక్కరైపోతారు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది కౌలు రైతు సంగతి. పట్టా పాస్‌బుక్ ఒకరి పేరున ఉంటుంది, దుక్కి దున్ని మిర్చి ఏరించింది ఇంకొకరు. ఒకే పట్టాదారు భూమిని ఇద్దరు కౌలుకు చేసి, సరుకు ఆయన పేరునే రాయిస్తే క్యూబ్ ఒక్కరనే చెబుతుంది. యంత్రం తప్పేమీ లేదు, దానికిచ్చిన నంబరు పాస్‌బుక్‌ది. గేటు దగ్గర రాసేచోట పట్టాదారు ఎవరు, సాగు చేసినది ఎవరు అని రెండు గడులు పెట్టాలి. అప్పుడు రెండు డిస్టింక్ట్ కౌంట్‌లు విడివిడిగా తీయొచ్చు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో నెలనెలా బోర్డు మీద రాస్తే, దాన్ని చూడటానికి నేను కేసముద్రం దాకా వెళ్తాను.