దుబాయి ఎంత దూరం?

మొన్న మా ఊరి తమ్ముడొకడు దుబాయి టికెట్ ఫోటో పంపిండు. "అన్నా, శంషాబాద్‌ల పదింటికి ఎక్కితే పన్నెండున్నరకు దిగుడేనట. రెండున్నర గంటలే!" అని సంబురపడ్డడు. కాదు తమ్మీ, నాలుగు గంటలు. టికెట్ అబద్ధం చెప్తలేదు, మతలబు అంతా గడియారంల ఉన్నది.

టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది రాస్తరు. భూమి 24 గంటల్ల 360 డిగ్రీలు తిరుగుతది, అంటే గంటకు 15. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటే, దుబాయి 55 దగ్గర ఉన్నది. నడుమ తేడా 23 డిగ్రీలు. అందుకే వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర ఎనుక నడుస్తది. పోయేటప్పుడు ఆ గంటన్నర కలిసొచ్చినట్టు కొడ్తది, వచ్చేటప్పుడు మళ్ల పోతది.

ఇగ దూరం సంగతి. సక్కగ గీత గీస్తే సుమారు 2,500 కిలోమీటర్లు. పైకెక్కినంక విమానం గంటకు 850 కిలోమీటర్లకు అటిటుగా పోతది. లెక్కకు మూడు గంటలే. కాని రన్‌వే దాకా పోవుడు, పైకెక్కుడు, దిగేముందు నెమ్మదైతుండుడు అన్నీ కలిపితే నాలుగైతది. చలికాలంల వాపసు వచ్చేటప్పుడు మూడున్నర గంటలకే వస్తది. ఎందుకంటే పది కిలోమీటర్ల ఎత్తుల పడమటి నుంచి తూర్పుకు జోరుగాలి కొడ్తది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటరు. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు ఎనుకనుంచి తోలుతది.

జగిత్యాల నుంచి శంషాబాద్ రెండొందల కిలోమీటర్లు దాటుతది. బస్సుల ఐదారు గంటలు. అంటే సముద్రం దాటుడు కన్నా ఎయిర్‌పోర్టు చేరుడే ఎక్కువ సేపు!

మరి గింత దగ్గరైతే, మా ఊరాయన తండ్రి సచ్చిపోతే కొరివి పెట్టనీకి ఎందుకు రాలేకపోయిండు? పాస్‌పోర్టు కంపెనోళ్ల దగ్గర ఉండె. చేతుల పైసల్లేవు. పన్నెండో రోజుకు ఇల్లు చేరిండు. అప్పటికి తండ్రి ఫోటోకు దండ ఏసి ఉన్నది.

కామగాని పాస్‌పోర్టు యజమాని పట్టుకునుడు అక్కడి చట్టం కూడా ఒప్పదు. విజిట్ వీసా మీద పని చేసుడు నేరం. పది పాస్ కాని వాళ్లు పనికి పోవాలంటే మన సర్కారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలె. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఫీజు తీసుకోవద్దు. లచ్చ అడిగెటోని దగ్గర ఆగి ఆలోచించుండ్రి.

విమానానికి దుబాయి నాలుగు గంటలే. అప్పు, వీసా, పాస్‌పోర్టు సక్కగ లేకుంటే అదే దుబాయి ఏండ్ల దూరమైతది.

తమ్మునికి నేను ఒక్కటే రాసిన: టికెట్ చూసిన, ఇగ వీసా ఫోటో పంపు.