మునిగిన ఓడల కథలు తెలుసుకోవాలనుందా? బారువ ‘చిల్కా’తో మొదలుపెట్టండి.. బంగారం మాట తర్వాత!

పాతపట్నం: తుఫాను వచ్చి వెళ్లిందంటే చాలు, సిక్కోలు తీరంలో ఓ మాట మొదలవుతుంది. ఫలానా చోట ఓడ మునిగిందట, అందులో బంగారం ఉందట అని. సముద్రం కనిపించని పాతపట్నంలోనూ ఈ కబుర్లకు కొదవలేదు. మరి ఇందులో నిజమెంత? తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చట్టం ఏం చెబుతోంది?

బారువలో ఏముంది?

శ్రీకాకుళం జిల్లాలో మునిగిన ఓడ అనగానే ముందు చెప్పుకోవాల్సింది సోంపేట మండలం బారువ గురించే. బ్రిటిష్ పాలనలో ఇది పేరున్న రేవు. మహేంద్రగిరుల్లో పుట్టిన మహేంద్రతనయ పాయల్లో ఒకటి పాతపట్నం మీదుగా వెళ్లి వంశధారలో కలిస్తే, ఇంకొకటి బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న 1917లో ‘చిల్కా’ అనే ఆవిరి ఓడ మంటల్లో చిక్కుకుని ఈ తీరంలోనే ఆగిపోయింది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందిన ఓడ ఇది. దాని శిథిలాలు ఇప్పటికీ ఒడ్డుకు దగ్గర్లోనే నీటి అడుగున ఉన్నాయి. విశాఖకు చెందిన స్కూబా డైవర్లు అక్కడికి వెళ్లొస్తున్నారు కూడా.

ఇది జనాన్ని, సరుకును మోసిన ఓడ. రాజుల ఖజానా ఓడ కాదు. అక్కడ ఇప్పుడున్నది తుప్పుపట్టిన ఇనుము, దాన్ని ఇల్లు చేసుకున్న చేపలు.

బంగారం అనుకుంటే..

2022 మేలో అసాని తుఫాను సమయంలో సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకు ఓ రథం కొట్టుకొచ్చింది. బంగారు రంగులో మెరిసిపోతుండటంతో చూడ్డానికి జనం ఎగబడ్డారు. తీరా చూస్తే అది బంగారు రంగు వేసిన మందిరం లాంటి కట్టడం. ఆగ్నేయాసియా దేశాల నుంచి కొట్టుకొచ్చి ఉంటుందని అప్పట్లో భావించారు.

కాకినాడ జిల్లా ఉప్పాడలో మాత్రం సంగతి వేరు. 2020లో నివర్ తుఫాను తర్వాత ఇసుకలో బంగారు రేణువులు, చిన్న ముక్కలు దొరుకుతున్నాయంటూ జనం రోజుల తరబడి వెతికారు. దీనికి మునిగిన ఓడే కారణం కానక్కర్లేదు. ఉప్పాడ తీరం ఏళ్లుగా కోతకు గురవుతోంది. పాత ఇళ్లు, గుళ్లు సముద్రంలో కలిసిపోయాయి. వాటిలోని వస్తువులే అలలకు తిరిగొస్తున్నాయన్నది స్థానికులు చెప్పే మాట.

ఎలా మొదలుపెట్టాలి?

* ముందు పెద్దలను అడగండి. వలలు ఎక్కడ చిక్కుకుని చిరుగుతాయో, ఏ చోట చేపలు గుంపుగా చేరతాయో మత్స్యకారులకు తెలుసు. అడుగున ఏదో ఉందనడానికి చాలాసార్లు అదే తొలి ఆధారం.

* పాత రికార్డులు చూడండి. 1936లో ఒడిశా ఏర్పడే వరకు బారువ ప్రాంతం గంజాం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. కాబట్టి అంతకు ముందు సంగతులు శ్రీకాకుళం పేరుతో వెతికితే దొరకవు. గంజాం పేరుతో, చెన్నైలోని ఆర్కైవ్స్‌లో వెతకాలి. పాత ఓడల వివరాలుండే లాయిడ్స్ రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడొచ్చు.

* సముద్ర పటాలు చదవడం నేర్చుకోండి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ తయారుచేసే చార్టుల్లో మునిగిన ఓడలకు ప్రత్యేక గుర్తులు ఉంటాయి.

* విశాఖ వెళ్లిరండి. 1971 యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరంలోనే. బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం, కురుసుర జలాంతర్గామి మ్యూజియం పిల్లలకూ బాగా అర్థమవుతాయి.

దొరికితే మనదేనా?

కాదు. తీరానికి కొట్టుకొచ్చిన ఓడ భాగాలు, సరుకు ఏవైనా దొరికితే ప్రభుత్వం నియమించిన ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అధికారికి తెలియజేయాలి. అదెవరో తెలియకపోతే పోలీసులకో, తహసీల్దార్‌కో చెప్పడం మేలు. ఇక భూమిలో దాచిన నిధికి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. దాచిపెడితే ఏడాది వరకు జైలు పడొచ్చు. వందేళ్లు దాటిన వస్తువులను పురావస్తువులుగా గుర్తించే చట్టం 1972లో వచ్చింది. చిల్కా మునిగి ఎప్పుడో వందేళ్లు దాటింది.

ప్రాణం ముఖ్యం

ఈత వచ్చు కదా అని శిథిలాల దగ్గరకు దిగొద్దు. తుప్పుపట్టిన రేకులు కోసేస్తాయి, తెగిన వలలు కాళ్లకు చుట్టుకుంటాయి. శిక్షణ పొందిన డైవర్ల వెంటే వెళ్లాలి. స్కూబాలో తొలి స్థాయి కోర్సు పూర్తి చేసినవాళ్లకు కూడా 18 మీటర్ల లోతు వరకే అనుమతి. అలలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒడ్డునే ఉండిపోవడం మంచిది.

ఇంకో మాట. చాలా ఓడలు మునిగినప్పుడు వాటితో పాటు మనుషులూ పోయారు. ఘాజీలో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. అందుకే అక్కడి నుంచి గుర్తుగా చిన్న ఇనుప ముక్క కూడా తెచ్చుకోకపోవడమే మర్యాద. ఫొటో తీసుకోండి, ఊళ్లో పెద్దలు చెప్పింది రాసి పెట్టుకోండి. ఆ పెద్దలు ఉండగానే ఆ పని చేయాలి.