పెన్సిల్ ముట్టకముందు ముచ్చట కుదరాలె

మంచిగ బొమ్మలు గీసే పిల్లలు ఊరికి ఇద్దరు ముగ్గురన్నా ఉంటరు. ముచ్చట చెప్తే కడుపుబ్బ నవ్వించేటోళ్లు ఇంకో నలుగురుంటరు. వీళ్లు ఒక్కకాడ కూసుంటే వెబ్ కామిక్ పుడ్తది. ప్రెస్సు అక్కెరలేదు, కాయితం ఖర్చు లేదు, ఫోన్లనే చదువుతరు. మరి షురూ చేసినోళ్లు మస్తుమంది మూడో భాగానికే ఎందుకు ఆపేస్తున్నరు? నేను చూసినకాడికి బొమ్మ రాక కాదు. ముందుగాల కూసొని కాన్సెప్ట్ తేల్చుకోక.

కలిసి బొమ్మల కథ చేసుడు మనకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటం చూసిండ్రా? మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల దాక పొడవుండే గుడ్డ. దాని మీద వరుసలు వరుసలుగ బొమ్మలు. ఒక్కో వరుస విప్పుకుంట కథ చెప్తరు. ఇయ్యాల ఫోన్ల వేలితోని జరుపుకుంట చదివే కామిక్‌ది కూడ గదే తీరు. కొరియాల దాన్ని వెబ్‌టూన్ అంటరు. ఆ పటం గీసేది నకాషీ కళాకారులు, కథ చెప్పేది వేరేటోళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులోళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలోళ్లు.. గిట్ల ఎవరి కథ వాళ్లకున్నది. ఏ కథ, ఎవరి కోసం అని తేలినంకనే కుంచె కదుల్తది.

మరి కాన్సెప్ట్ అంటే ఏంది? "నీళ్ల గోస మీద కామిక్ తీద్దాం" అంటే అది ఉత్త అంశం. కాన్సెప్ట్ అంటే నాలుగు ప్రశ్నలకు జవాబు. కథ ఎవరిది? వాళ్లకు ఏం కావాలె? అడ్డం ఎవరు? వారం వారం కొత్త ముచ్చట ఏడికెళ్లి వస్తది?

ఒక మాదిరి చెప్త. చెరువు నీళ్లు పొలాలకు పంచేటాయన నీరటి. ఆయన కాలు విరిగి మంచాన పడ్డడు. తూము బాధ్యత ఇంటర్ చదివే మనవరాలి మీద పడ్డది. చెరువుల సగమే నీళ్లున్నయ్. అందరికి పారాలెనని ఆమె పట్టు. నా మడికే ముందు పారాలెనని ఊరోళ్ల పట్టు. ఒక వారం సర్పంచ్ మడి, ఇంకో వారం సొంత మేనమామ మడి. పంచాయితీ దానంతట అదే వస్తది, కథ ఎండిపోదు.

ఇగ రాసేటోళ్లకు ఒక మాట. పేజీలకు పేజీలు రాసి "ఇగ గీయి" అని ముంగట పడేయకుండ్రి. "రెండు వందల మంది కట్ట మీద కొట్లాడుతున్నరు" అని రాసుడు ఒక్క నిమిషం, గీసుడు మూడు రోజులు. గీసే చెల్లెను అడుగుండ్రి. "మనుషులెందుకన్నా, కట్ట మీద చెల్లాచెదురైన చెప్పులు చూపిద్దాం, లొల్లి మాటలు పైన రాద్దాం" అనొచ్చు. కథ ఇంకింత బలమైతది. గట్లనే మూడు నాలుగు భాగాలు తయారు పెట్టుకున్నంకనే మొదటిది వదలాలె. మధ్యల పరీక్షలొస్తయి, నాట్లొస్తయి. నాగా పడితే చదివేటోళ్లు మర్చిపోతరు.

ఆఖరు ప్రశ్న, అందరు మొహమాటపడేది: ఇది ఎవరిది? నేను దెబ్బ తిని చెప్తున్న. పదిహేనేండ్ల కింద నేను, నా దోస్తు కలిసి కార్టూన్లు చేసినం. రాత నాది, గీత ఆయనది. పుస్తకమేస్తనని ఒకాయన తీస్కపోయిండు. పుస్తకం వచ్చింది, మా పేర్లు రాలే. అడుగుదామంటే చేతుల ఒక్క కాయితం లేదు. తప్పు నీదంటే నీదని మేమిద్దరం మాటలు బంద్ చేసినం. గదే ఎక్కువ బాధ.

అమెరికాల జెర్రీ సీగల్ రాసిండు, జో షుస్టర్ గీసిండు. ఇద్దరు బడి దోస్తులు. వాళ్లు పుట్టించినోడు సూపర్‌మ్యాన్. 1938ల హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చిండ్రు. ముసలితనంల పైసల్లేక తిప్పలు పడ్డరు. పేపర్లల్ల లొల్లి అయినంక 1975ల ఒక్కొక్కరికి ఏడాదికి 20 వేల డాలర్ల పింఛను, సృష్టికర్తలని పేర్లు దక్కినయ్.

మన దేశంల 1957 కాపీరైట్ చట్టం ఉన్నది. ఉత్త ఆలోచనకు హక్కు లేదు. రాసిన మాటకు, గీసిన బొమ్మకే హక్కు. రిజిస్ట్రేషన్ చేయకున్నా అది మీదే. ఇంకొకరికి రాసియ్యాల్నంటే సంతకంతోని కాయితం ఉండాలె. అండ్ల ఎన్నేండ్లకో రాయకుంటే ఐదేండ్లకే లెక్క.

అందుకే ఇయ్యాల సాయంత్రం చాయ్ తాక్కుంట కూసోండ్రి. ఆ నాలుగు జవాబులు ఒక్క కాయితం మీద రాయుండ్రి. కింద ఇంకో మూడు మాటలు: పేర్లు ఎట్ల వేసుకుంటరు, పైసలొస్తే ఎట్ల పంచుకుంటరు, ఒకరు ఆపేస్తే పాత్రలు ఎవరికి పోతయ్. అందరు సంతకం పెట్టి, ఫోటో తీసి ఎవరి ఫోన్ల వాళ్లు దాచుకోండ్రి. దోస్తుల నడుమ కాయితం ఎందుకని అనకుండ్రి. మా దోస్తానా కాయితం లేకనే చెడ్డది.