నెల వెచ్చాల లెక్క: బియ్యం స్టోరులో, పప్పు అంగట్లో

రాయలసీమలో కమలాపురం వంటి మండల కేంద్రంలో నలుగురున్న కుటుంబం తక్కువ ఖర్చుతో, ఫ్యాక్టరీ చేయి అంతగా పడని తిండి తినాలంటే ఏం కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు రేషను కార్డులోనే ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం పరిధిలోని ప్రాధాన్య కుటుంబాల కార్డుల్లో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యం అందుతుంది, 2023 జనవరి నుంచి దానికి పైసా చెల్లించనక్కరలేదు. మిగిలిన సగమే చిక్కు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పుదినుసులు కావాలి. రేషను స్టోరు బియ్యాన్ని రోజులకు పంచితే తలకు 167 గ్రాములు, అంటే కావలసిన ధాన్యంలో మూడింట రెండు వంతులు వస్తుంది. అదే లెక్కన నలుగురికి నెలకు 10 కిలోలకు పైగా పప్పు అవసరం కాగా, చౌకధరల దుకాణం కిలో 67 రూపాయలకు ఇస్తూ వచ్చిన కందిపప్పు కార్డుకు ఒక్క కిలో, అదీ సరఫరా ఉన్న నెలలో మాత్రమే. గుడ్డు, మాంసం తినే ఇళ్లలో ఈ అవసరం కొంత తగ్గినా, నెల వెచ్చాల డబ్బు మొదట వెళ్లవలసింది పప్పుకేనని ఈ అంకెలు చెబుతాయి.

ఖర్చు మాత్రం మరో దారిలో పోతోంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో దేశపు గ్రామీణ కుటుంబాలు ధాన్యం కొనడానికి మొత్తం ఖర్చులో 5 శాతం లోపు పెడుతుండగా, పానీయాలు, ఫలహారాలు, ప్రాసెస్ చేసిన తిండి కలిసిన పద్దుకు 9.6 శాతం పెడుతున్నట్లు తేలింది. ఆ పద్దులో టీ నీళ్లూ ఉన్నాయి గనుక అంతటినీ చెడ్డ తిండిగా లెక్కించడం న్యాయం కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మాంటీరో బృందం రూపొందించిన నోవా వర్గీకరణ ఇక్కడ పనికొస్తుంది: దంచడం, విసరడం, ఎండబెట్టడం వరకే జరిగిన సరుకు మొదటి వర్గం, నూనె, బెల్లం, ఉప్పు వంటివి రెండవది, ఆ రెండూ కలిపి చేసే ఊరగాయ, జున్ను వంటివి మూడవది, వంటింట్లో దొరకని రంగులు, రుచికారకాలు, మార్పు చేసిన పిండిపదార్థాలతో ఫ్యాక్టరీ తయారుచేసే బిస్కెట్లు, నూడిల్స్, చిరుతిండి పొట్లాలు నాలుగవది, అదే అతి ప్రాసెస్డ్ ఆహారం.

సూపర్ మార్కెట్ల సొంత బ్రాండ్లను, అంటే డీమార్ట్ వారి ప్రీమియా లాగా అమ్మే సంస్థే పేరు పెట్టి తెచ్చే సరుకులను, ఈ గీటురాయి మీదే చూడాలి. ప్రకటనల ఖర్చు లేనందువల్ల వాటి ధర తగ్గవచ్చు. కానీ సొంత బ్రాండు కందిపప్పు పప్పే, సొంత బ్రాండు బిస్కెట్టు బిస్కెట్టే. కమలాపురం కుటుంబానికి అంతకంటే దగ్గరి సొంత బ్రాండు, అంగడివాడు బస్తాలోంచి తూచి ఇచ్చే పేరులేని విడి సరుకు. 2022 జులైలో 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పు, బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడినప్పుడు విడి సరుకు తప్పించుకుంది. వ్యాపారులు 26 కిలోల బియ్యం సంచులు తెచ్చి తామూ తప్పించుకున్నారు. 2025 సెప్టెంబరులో బిస్కెట్లు, నూడిల్స్ మీది పన్ను కూడా 5 శాతానికి దిగి, ప్యాకెట్ పప్పుతో సమానమైంది. పోషకాహారం కోణంలో ఇది వింత సమానత్వమే.

సీమలో 1983 నాటి కిలో 2 రూపాయల బియ్యం పథకం తరువాత పళ్లెంలో వెనక్కి తగ్గిన జొన్న, కొర్ర మళ్లీ ఆరోగ్యం పేరుతో వస్తున్నాయి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ, 2023లో పద్మశ్రీ అందుకున్నవారు, కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్రలను సిరిధాన్యాలుగా ప్రచారం చేశారు. ఐతే వీటి గింజకు గట్టి పొట్టు ఉంటుంది కాబట్టి మిల్లు తప్పదు, మిల్లు పాలిష్ పట్టినకొద్దీ తవుడు పోతుంది, పైగా ధర బియ్యాన్ని మించుతుంది. రాగి, జొన్న గింజలకు ఆ బెడద లేదు. శుభ్రం చేసి పిండిమరలో ఆడించుకుంటే గింజ మొత్తం సంగటిలోకీ రొట్టెలోకీ వస్తుంది, రాగిలో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం కూడా ఉంది. తక్కువ డబ్బున్న ఇంటికి కొర్ర కంటే రాగే మేలైన ఎంపిక.

పప్పు విషయంలోనూ అంతే. జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగళ్లలో రబీలో పండే పప్పుశనగ, మెట్టచేలలో పండే ఉలవ, అలసంద పొట్టు తీయకుండానే గుగ్గిళ్లుగా, పులుసుగా, చారుగా వాడుకునేవి. బద్ద చేసే మిల్లు ఖర్చు వాటి మీద పడదు. ఉలవలు నానడానికి ఒక రాత్రి, ఉడకడానికి బోలెడు గ్యాసు కావాలన్నది నిజమే, ఆ పని ఇంటి ఆడవారి మీదే పడుతుందన్నది అంతకంటే నిజం. నానబెట్టి, కుక్కర్‌లో వండితే గ్యాసు తగ్గుతుంది గానీ చాకిరీ తగ్గదు.

పంట చేతికొచ్చిన నెలల్లో పొలం దగ్గరే బస్తా శనగలు కొని ఎండబెట్టి దాచుకునే కుటుంబానికి ఈ తిండి అన్నిటికంటే చౌక. బస్తాకు సరిపడా డబ్బు ఒక్కసారిగా చేతిలో లేని కూలి కుటుంబం పావుకిలో లెక్కన, అరువు పద్దు మీద కొంటుంది. సూపర్ మార్కెట్ అరువివ్వదు కాబట్టి, అక్కడ కిలోకు ఎన్ని రూపాయలు తగ్గినా ఆ తగ్గింపు వారికి అందదు.