నాలుగు అంగుళాల లెక్క: పాత మోటోక్రాస్ బండికి సస్పెన్షన్ సరిచేయడం ఎలా?

పాత బైకుల రిస్టొరేషన్ వీడియోలు చూస్తే అందరి కళ్లూ ఇంజన్ మీదే ఉంటాయి. తుప్పు పట్టిన ట్యాంకు మెరుస్తుంది, కిక్ కొడితే పొగ వస్తుంది, వీడియో అయిపోతుంది. కానీ మోటోక్రాస్ బండికి అసలు పని అక్కడి నుంచే మొదలు. ఆ బండి పుట్టింది తారు రోడ్డు కోసం కాదు, మట్టి దిబ్బ ఎక్కి, గాల్లోకి లేచి, మళ్లీ నేల మీద పడటం కోసం. ఇంజన్ బాలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. సస్పెన్షన్ బాలేకపోతే మనిషి పడతాడు.

ఒక బండిని ఉదాహరణగా తీసుకుందాం: హోండా సీఆర్250ఎం ఎల్సినోర్, 1973 మోడల్. 248 సీసీ, ఎయిర్ కూల్డ్, టూ స్ట్రోక్. కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్‌లో జరిగే రేసు పేరే దీనికి పెట్టారు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు పేరుపడ్డ హోండా, మోటోక్రాస్ కోసమే తయారుచేసి అమ్మిన మొదటి టూ స్ట్రోక్ ఇది. ఆ ఏడాదే గ్యారీ జోన్స్ దీని మీద అమెరికా 250 సీసీ నేషనల్ ఛాంపియన్ అయ్యాడు. ముందు చక్రం ట్రావెల్ సుమారు 7 అంగుళాలు, వెనక చక్రం ట్రావెల్ సుమారు 4 అంగుళాలు. ట్రావెల్ అంటే చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరం. ఆ రెండో నంబర్ గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే.

ఆ 4 అంగుళాలు ఎందుకంత ముఖ్యం?

4 అంగుళాలంటే దాదాపు 100 ఎంఎం. బండి 1 మీటరు ఎత్తు నుంచి నిలువుగా పడిందనుకోండి. ఆ ఎనర్జీ మొత్తాన్ని సస్పెన్షన్ 100 ఎంఎం లోపల మింగేయాలి. ఇంటర్ ఫిజిక్స్ చాలు: (1 + 0.1) ÷ 0.1 = 11. అంటే సగటున బరువుకి 11 రెట్ల బలం. అదే 300 ఎంఎం ట్రావెల్ ఉంటే 1.3 ÷ 0.3, సుమారు 4.3 రెట్లు. నిజంగా అయితే రైడర్ మోకాళ్లు కొంత తీసుకుంటాయి, టైరు కొంత తీసుకుంటుంది, ఏటవాలు నేల మీద దిగితే ఇంకా తగ్గుతుంది. అయినా తేడా ఎక్కడ తగులుతుందో రైడర్ నడుముకి బాగా తెలుసు.

ఈ లెక్క అప్పటి ఇంజనీర్లకూ తెలుసు. బెల్జియంకి చెందిన లూసియన్ టిల్కెన్స్ ఒకే షాకర్‌తో చేసిన డిజైన్‌ని యమహా కొనుక్కుంది. 1973లో హాకన్ ఆండర్సన్ ఆ మోనోషాక్ బండితో 250 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1975కల్లా అది షోరూములో అమ్మే వైజడ్ బండ్లలోకి వచ్చేసింది. జర్మనీ కంపెనీ మైకో రెండు షాకర్లనే ముందుకి జరిపి ట్రావెల్ పెంచింది. 1980ల మొదట్లో 300 ఎంఎం మామూలైపోయింది. 1973లో గెలిచిన ఎల్సినోర్ రెండు మూడేళ్లలోనే పాతబడిపోయింది.

అందుకే రిస్టొరేషన్ చేసేవాళ్ల ముందు ఒక ప్రశ్న నిలబడుతుంది. షాకర్లు ముందుకి జరిపి ట్రావెల్ పెంచేయాలా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలా? అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటార్‌సైకిల్ అసోసియేషన్ తన వింటేజ్ క్లాసుల్లో ముందు 7, వెనక 4 అంగుళాలు దాటకూడదని రూల్ పెట్టింది. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది. ట్రావెల్ పెంచేస్తే అది 1973 బండి కాదు, 1973 ట్యాంకు తగిలించుకున్న ఇంకో బండి. కాబట్టి మన ప్రాబ్లం స్టేట్‌మెంట్ ఇది: 4 అంగుళాలు 4గానే ఉండాలి, కానీ ఆ నాలుగూ సరిగ్గా పనిచేయాలి.

మొదట లూజులు పట్టుకోండి

షాకర్ మీద చెయ్యి వేసేముందు స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, స్టీరింగ్ కోన్ సెట్, చక్రాల బేరింగులు చూడాలి. స్టాండ్ మీద పెట్టి చక్రాన్ని పక్కలకి ఊపితే టక్ టక్‌మంటే ఎక్కడో లూజు ఉన్నట్టే. ఇది వదిలేసి సస్పెన్షన్ ట్యూన్ చేయడమంటే, వైరు లూజుగా ఉంటే కోడ్ మార్చుకుంటూ కూర్చోవడం లాంటిది.

ముందు ఫోర్క్

ఫోర్క్ విప్పగానే ట్యూబులు వంగాయో లేదో చూడాలి. మందపాటి గాజు పలక మీద దొర్లిస్తే చాలావరకు తెలిసిపోతుంది. క్రోమ్ మీద తుప్పు గుంటలుంటే కొత్త ఆయిల్ సీల్ కూడా నాలుగు రోజుల్లో కోసుకుపోతుంది. అప్పుడు హార్డ్ క్రోమ్ చేయించాలి, లేదా ట్యూబులు మార్చాలి. స్ప్రింగుల పొడవు కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని లిమిట్‌తో పోల్చాలి. ఏళ్ల తరబడి బరువు మోసి అవి కుంగి ఉంటాయి.

ఇది డాంపర్ రాడ్ రకం ఫోర్క్. మన కమ్యూటర్ బైకుల్లో చాలావాటికి ఉండేదీ ఇదే. ఒక రాడ్‌కి చిన్న రంధ్రాలుంటాయి, ఫోర్క్ కదిలినప్పుడు ఆయిల్ వాటిలోంచి దూరాలి. సిరంజీ మెల్లగా నొక్కితే తేలిక, గట్టిగా నొక్కితే మొండికేస్తుంది కదా, అదే సూత్రం. రంధ్రంలో ఆయిల్ అడ్డుకునే బలం వేగం స్క్వేర్‌తో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. అందుకే బ్రేక్ కొట్టినప్పుడు ముందుభాగం మెత్తగా కుంగిపోతుంది, అదే ఫోర్క్ గట్టి రాయి తగిలితే చేతులు అదిరేలా కొడుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. పల్చటిది పోస్తే ఉల్టా.

దీనికి ఒక దారి ఎమ్యులేటర్. అంటే డాంపర్ రాడ్ పైన కూర్చునే చిన్న స్ప్రింగ్ వాల్వు. గట్టి దెబ్బకి అది తెరుచుకుని ఆయిల్‌కి దారి ఇస్తుంది. పాత రాడ్ రంధ్రాలు పెద్దవి చేసి కంట్రోల్ మొత్తం ఈ వాల్వుకి అప్పగిస్తారు. పాత హార్డ్‌వేర్ మీద కొత్త ఫోర్క్ ప్రవర్తన అన్నమాట. సీఎస్ఈ వాళ్లం కాబట్టి పేరు ఎందుకు పెట్టారో మనకి వేరే చెప్పక్కర్లేదు. బయటికి ఏమీ కనపడదు, బండి రూపం మారదు.

ఆయిల్ మట్టం కొలిచేటప్పుడు స్ప్రింగ్ బయటికి తీసి, ఫోర్క్ పూర్తిగా నొక్కి, ట్యూబ్ పై అంచు నుంచి కొలవాలి. రెండు వైపులా ఒకటే ఉండాలి. పైన మిగిలిన గాలి కూడా స్ప్రింగే, గాలి జాగా తగ్గితే ట్రావెల్ చివర్లో ఫోర్క్ గట్టిపడుతుంది. బిగించేటప్పుడు యాక్సిల్ క్లాంప్ చివర్లో టైట్ చేయాలి, అదీ ఫోర్క్‌ని నాలుగైదుసార్లు పంప్ చేసి కాళ్లు రెండూ సమంగా సర్దుకున్నాకే.

వెనక షాకర్లు

స్ప్రింగ్ తీసేసి రాడ్‌ని చేత్తో లాగి నొక్కండి. రెండు వైపులా నిదానంగా, ఒకే తీరుగా అడ్డుకోవాలి. దిశ మార్చినప్పుడు మధ్యలో ఖాళీగా జారితే లోపల ఆయిల్ తగ్గినట్టు, లేదా గాలి చేరినట్టు. గాలి కలిసిన ఆయిల్ పరుగులో వేడెక్కి నురగ అవుతుంది. నురగ దేన్నీ ఆపలేదు. రేసు మొదట్లో బాగున్న బండి చివరి ల్యాపుల్లో గుర్రంలా తన్నడానికి ఇదో పెద్ద కారణం.

ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. కొన్ని షాకర్లలో నైట్రోజన్ నింపి ఉంటుంది, టైరులో గాలికన్నా ఎన్నో రెట్ల ప్రెషర్‌తో. అది వదలకుండా విప్పడం, డ్రిల్ చేయడం, వేడి చేయడం ప్రాణాలకే ముప్పు. అది తెలిసిన వర్క్‌షాప్ పని.

షాకర్ ఉన్న చోటుకీ లెక్క ఉంది. చక్రం 100 ఎంఎం కదిలితే షాకర్ 80 ఎంఎం కదిలిందనుకోండి. రేషియో 0.8, దాని స్క్వేర్ 0.64. అంటే స్ప్రింగ్ గట్టిదనంలో 64 శాతమే చక్రం దగ్గర పనిచేస్తుంది. స్ప్రింగ్ మార్చకుండా షాకర్లు ముందుకి జరిపితే బండి మెత్తబడిపోయేది ఇందుకే.

శాగ్ కొలవడం

చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి పైన ఫ్రేమ్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత రైడర్ పూర్తి గేర్‌తో కూర్చున్నాక అదే కొలత. తేడాయే శాగ్. 100 ఎంఎం ట్రావెల్‌కి సుమారు 30 ఎంఎం దగ్గర మొదలుపెట్టొచ్చు. చక్రం గుంతలోకి దిగడానికి కూడా కొంత దూరం కావాలి కదా.

ఇక్కడో తిరకాసు ఉంది. ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఎత్తు మారుతుందంతే. రైడర్ శాగ్ 30 దగ్గరికి తేవడానికి ప్రీలోడ్ బాగా బిగించాల్సి వచ్చి, రైడర్ లేనప్పుడు బండి అసలు కుంగడమే లేదంటే, ఆ స్ప్రింగ్ ఆ మనిషికి మెత్తనిది. రైడర్ లేకుండానే బాగా కుంగిపోతుంటే స్ప్రింగ్ మరీ గట్టిది. చూడ్డానికి రివర్స్‌లా ఉంటుంది, కాగితం మీద గీసుకుంటే అర్థమవుతుంది.

చివరిగా ట్రాక్ మీద

ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నోట్‌బుక్‌లో రాయాలి. వరస గతుకుల మీద బండి అంతకంతకూ కిందికి దిగిపోయి గట్టిపడుతుంటే రీబౌండ్ డాంపింగ్ ఎక్కువైనట్టు, ఒక గతుకు నుంచి లేచేలోపే ఇంకోటి తగులుతోంది. దెబ్బ తగిలాక వెనక భాగం ఎగిరి తన్నితే రీబౌండ్ తక్కువైనట్టు. ఫోర్క్ ట్యూబుకి ఒక జిప్ టై కట్టి వదిలితే, ట్రావెల్ ఎంతవరకు వాడారో అదే చూపిస్తుంది. రోజులోకెల్లా పెద్ద జంప్‌కి అది చివరిదాకా వెళ్లి, మిగతా సమయమంతా కాస్త ఇవతలే ఉంటే సెట్టింగ్ కుదిరినట్టే.

ఇంత చేసినా ఎల్సినోర్ ఇప్పటి బండిలా దూకదు. అలా దూకించాలని చూడకూడదు కూడా. దాని 4 అంగుళాల్లో ఒక్క ఎంఎం కూడా వృథా పోకుండా చూస్తే, మిగతాది రైడర్ మోకాళ్ల పని. 1973లో జరిగిందీ అదే.