షహీదుల స్మరణ – మన బాధ్యత



టర్కీ ప్రజలు ఏటా మార్చి 18న చనక్కలే షహీదులను స్మరించుకుంటారు. 1915లో ఆ దినాన, డార్డనెల్స్ జలసంధిని దాటి ఇస్తాంబుల్ చేరదలచిన బ్రిటిష్, ఫ్రెంచి యుద్ధనౌకలను ఉస్మానియా సేనలు నిలువరించాయి. పిదప గలిపోలి ద్వీపకల్పంలో నెలల తరబడి సాగిన పోరులో ఇరుపక్షాలా లక్షకు పైగా ప్రాణాలు పోయాయి.

ఆనాటి అధికారిక ఉత్సవాల కంటె సామాన్యుల ఆచరణ గమనింపదగినది. అచటి స్మారక శిలలపై సైనికుని పేరుతోపాటు తండ్రి పేరు, ఊరి పేరు చెక్కి ఉంటాయి. దూరప్రాంతాల వారు తమ ఊరి పేరును వెదకి, ఆ శిల ముందు నిలిచి ఫాతిహా పఠిస్తారు. రక్తసంబంధం లేకున్నా అతడు వారికి తమవాడే. అనేక పాఠశాలలలో నాటి సైనికుల భోజనానికి గుర్తుగా గోధుమ జావ, ఎండుద్రాక్షలు ఉడికించిన నీరు, రొట్టె వడ్డిస్తారు. ఆ పూట పిల్లలకు యుద్ధమంటే ఆకలి అని తెలుస్తుంది.

సోదరులారా! మరణించినవారికి మన దుఆ చేరాలి. వారు విడిచి వెళ్ళినవారికి మన చేయూత అందాలి. మన దేశంలో 1949 నుండి డిసెంబరు 7న జరుగుతున్న సాయుధ దళాల పతాక దినం ఈ రెండవ బాధ్యతనే గుర్తు చేస్తుంది. ఆనాటి విరాళాలు అమర సైనికుల కుటుంబాలకు, గాయపడిన జవానులకు ఉపకరిస్తాయి. శక్తి కొలది ఇవ్వండి. మీ ఊరిలో బిడ్డను కోల్పోయిన సైనిక కుటుంబముంటే, మతమేదని చూడక ఆ గడపకు వెళ్ళండి. పిల్లల చదువు, వృద్ధుల వైద్యం ఎలా సాగుతున్నాయో విచారించండి. ఒక్క దినపు స్మరణ ఏడాది పొడవునా బాధ్యతగా నిలవాలి.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.