నాపరాయి వ్యాపారానికి అద్దె సాఫ్ట్‌వేర్

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల, కొలిమిగుండ్ల పరిసరాల్లోనూ, కడప జిల్లాలో ఎర్రగుంట్ల వైపునా నాపరాయిని కోసి, నునుపు చేసి దూర రాష్ట్రాలకు పంపే పాలిష్ ఫ్యాక్టరీలు చాలావరకు ఒక కుటుంబమూ, ఒక గుమాస్తా, కొద్దిమంది కూలీలతో నడిచే చిన్న సంస్థలే అయినా, వాటి లెక్కలు మాత్రం చిన్నవి కావు. గని నుంచి వచ్చిన ముడి బండ అంచులు కోశాక ఎన్ని చదరపు అడుగులు తేలింది, అందులో పగిలినదెంత, ఒకవైపు పాలిష్ పట్టినదెంత, రెండువైపులా పట్టినదెంత, లారీకి ఎక్కినదెంత, కొన్నవారు బాకీ ఎప్పుడు తీరుస్తారు అనే ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే. అయితే చిట్టాలో రోజువారీ జమాఖర్చులు, ఆవర్జాలో ఒక్కొక్కరి ఖాతా, వేరే పుస్తకంలో సరుకు నిల్వ విడివిడిగా ఉండటంతో, ఏ రకం బండ మీద మిగులుతున్నదో, ఏ రకం మీద పోతున్నదో యజమానికి తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది.

ఈ పుస్తకాలన్నింటినీ ఒకే చోట కలిపేది వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్. ఇందులో బిల్లు ఒక్కసారి రాస్తే చాలు. నిల్వలో అన్ని అడుగులు తగ్గుతాయి, కొన్నవారి ఖాతాలో బాకీ పెరుగుతుంది, పన్ను లెక్క సిద్ధమవుతుంది. దీన్ని సొంత కంప్యూటర్‌లో పెట్టుకోకుండా, సాఫ్ట్‌వేర్ సంస్థ నడిపే సర్వర్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఎప్పుడూ అందుబాటులో ఉండే దూరపు కంప్యూటర్‌లో ఉంచి, నెలకో ఏడాదికో రుసుము చెల్లించి వాడుకునే ఏర్పాటును హోస్టింగ్ అనీ, వాడుకలో క్లౌడ్ అనీ అంటున్నారు. అమెరికాలో 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ ఈ అద్దె పద్ధతికి పేరు తెచ్చింది; మన దేశంలో చెన్నైకి చెందిన జోహో, ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ వంటివి దాన్ని చిన్న వ్యాపారులకు అందుబాటులోకి తెచ్చాయి.

2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి రావడంతో ఇలాంటి సాఫ్ట్‌వేర్ అవసరం మరింత పెరిగింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేల రూపాయలు మించితే సాధారణంగా ఈ-వే బిల్లు, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం, ఉండాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఏటా 5 కోట్లకు మించిన వ్యాపారం ఉన్నవారు ఇతర వ్యాపారులకు ఇచ్చే ప్రతి బిల్లునూ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి సంఖ్య పొందాలి. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలకైతే, లెక్కల్లో జరిగిన ప్రతి మార్పూ తేదీతో సహా నిలిచి ఉండే సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తున్నది. లారీ బయలుదేరే వేళ గుమాస్తా ఇవన్నీ చేత్తో రాసి కూర్చోవడం ఇక సాధ్యమయ్యే పని కాదు.

లెక్కల భద్రత విషయంలో కర్నూలుకు మరొకరు చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు పాతబస్తీని ముంచెత్తినప్పుడు, నీట మునిగిన గదిలోని పుస్తకానికీ కంప్యూటర్‌కూ ఒకే గతి పట్టింది. ఎవరు ఎంత బాకీ అన్నది కాగితం మీదే ఉన్న వ్యాపారికి, కాగితంతోపాటే బాకీకి రుజువూ పోయినట్టే. దూరాన, ఒకటికి రెండు చోట్ల దాచిన లెక్కలకు ఆ భయం లేదు. అద్దె సాఫ్ట్‌వేర్‌ను సమర్థించడానికి ఈ ఒక్క కారణమే చాలు.

అయినా దీనితో కొత్త చిక్కు ఒకటి వస్తుంది. సర్వర్ మరొకరిది కనుక, రుసుము ఆగితే లెక్కల తలుపు మూసుకుపోవచ్చు, నడిపే సంస్థే మూతపడవచ్చు. జీఎస్టీ చట్టం మాత్రం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు భద్రపరచాలంటుంది. ఈఆర్‌పీనెక్స్ట్ మూలరాత (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఉన్నందువల్ల దాన్ని ఒక సర్వర్ నుంచి మరోదానికి మార్చుకోవచ్చు. తక్కినవాటి విషయంలో ఆ వెసులుబాటు ఎంత ఉందో ముందే విచారించుకోవాలి. చాలా చోట్ల పాస్‌వర్డ్ పన్ను రిటర్నులు వేసే బయటి వ్యక్తి దగ్గరే ఉండిపోవడం ఇంకా పెద్ద ప్రమాదం, ఎందుకంటే ఆయన మారిన రోజున యజమాని తన ఖాతాలోకి తానే వెళ్లలేడు. ఇంటర్నెట్ నిలిచిపోయిన గంటల్లో బిల్లు ఎలా రాయాలన్నది కూడా క్వారీల దగ్గర పనిచేసేవారికి చిన్న ప్రశ్న కాదు.

కనుక చిన్న సంస్థల యజమానులు ధర బేరమాడటానికి ముందే, పరీక్ష కోసం ఇచ్చే ఉచిత గడువులో ఒక నెల బిల్లులు, బాకీలు, నిల్వ ఎక్కించి, వాటిని ఎక్సెల్ ఫైలుగా బయటికి తీయించి తమ ఆడిటర్‌కు చూపించాలి. ఆయన ఆ ఫైలుతోనే లెక్క సరిచూడలేకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ ఎంత చవకైనా తీసుకోకూడదు.